అన్నయ్యది స్కిజోఫ్రెనియానా, ఆటిజమా? ఇరవై రెండేళ్ళ మందుల చీటీ మీద అనుమానం

విభాగం: ఇంట్లో ఆరోగ్యం › మనసు సంగతులు

లంక_పిల్ల (కాకినాడ, సొంతూరు పి.గన్నవరం దగ్గర లంక)
శనివారం, రాత్రి 10.42

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదివి వెళ్ళిపోయేదాన్ని, రాయడం ఇదే మొదలు. కొంచెం పొడుగవుతుంది, ఏమనుకోకండి.

మా బాబుకి అయిదేళ్ళు. రెండు నెలల కిందట ఆటిజం అని తేల్చారు. ఐసా అని నలభై ప్రశ్నల పట్టీ ఒకటి ఉంటుంది కదా, అది ముందు పెట్టుకుని నన్నూ మా అత్తగారినీ గంటసేపు అడిగారు. కళ్ళలోకి చూస్తాడా, విన్న మాటే మళ్ళీ మళ్ళీ అంటాడా, చప్పుళ్ళకి చెవులు మూసుకుంటాడా, ఉన్నది మార్చితే ఏడుస్తాడా. నోటితో బాబు గురించి చెబుతున్నాను గానీ, కళ్ళ ముందు కనిపిస్తున్నది మా అన్నయ్య. సగానికి వచ్చేసరికి నా చేతులు చల్లబడ్డాయి.

అన్నయ్యకి 41. అమ్మతో ఊళ్ళోనే ఉంటాడు. చిన్నప్పుడు రేడియోలో వార్తల ముందు వచ్చే మాటలు అచ్చం ఆ గొంతుతోనే రోజంతా అనేవాడు. లాకుల దగ్గర నిలబడి తలుపులు ఎత్తడం, దించడం పూటలకి పూటలు చూసేవాడు. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం ప్రతి వర్షాకాలం నోట్‌బుక్కులో రాస్తాడు, ఇప్పటికీ. చదువులో ఫస్టు. స్నేహితులు లేరు. ఊళ్ళో అందరూ 'చాదస్తం మనిషి, పాపం మంచోడు' అనేవారు, అంతే.

2003లో డిగ్రీకి హాస్టల్‌లో వేశాం. మూడు నెలలకి మెస్సులో తినడం మానేశాడు, మాట మానేశాడు, రాత్రిళ్ళు డాబా మీదే కూర్చునేవాడు. ఒకరోజు రూమ్మేట్లు సరదాకి రేడియో దాచేస్తే తల గోడకేసి కొట్టుకున్నాడు. ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. నాన్న పక్కనే ఉన్నారు. "ఎవరూ లేనప్పుడు నీకు మాటలు వినిపిస్తాయా?" అని అడిగారట. అన్నయ్య "వినిపిస్తాయి" అన్నాడు. "ఏమంటాయి?" "ఒక్కోసారి పాటలు కూడా వస్తాయి." పది నిమిషాల్లో చీటీ రాసేశారు.

మా ఇల్లు కాలువ గట్టు మీద. అవతలి గట్టున రామాలయం. తెల్లవారుజామున మైకు పెడతారు. గదిలో ఎవరూ లేనప్పుడు వినిపించేది అది. ఇది నాకు పద్నాలుగేళ్ళ వయసులోనే తట్టి ఉండాల్సింది, తట్టలేదు.

పాత ఫైల్ తీసి చూశాను. 'నది తనకు కబుర్లు పంపుతుందని నమ్ముతున్నాడు' అని ఇంగ్లీషులో రాసి ఉంది. అన్నయ్య చెప్పింది ఏమై ఉంటుందంటే, భద్రాచలంలో ఎంత ఉందో తెలిస్తే ధవళేశ్వరానికి ఎప్పుడు ఎంత వస్తుందో నాకు ముందే తెలుస్తుంది అని. అది అన్నయ్య లెక్క కట్టి చెప్పేది. దాదాపు ఎప్పుడూ తప్పలేదు.

22 ఏళ్ళుగా మందులు. బరువు తొంభై దాటింది. టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. నా ప్రశ్న ఒక్కటే. పెద్దవాళ్ళకి ఈ వయసులో మళ్ళీ చూపించుకుని, అది కాదు ఇది అని తేల్చుకున్నవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా?

---

కొబ్బరి_చిప్ప (అమలాపురం)
శనివారం, రాత్రి 11.05

అమ్మా, బాబు సంగతి విని బాధగా ఉంది. కానీ ఒక పట్టీ చూసి ఇంట్లోవాళ్ళందరికీ అంటగట్టుకోవడం ఈమధ్య అందరికీ అలవాటైంది. మా ఆవిడ ఆ ప్రశ్నలే చదివి నాకు పదహారు టిక్కులు పెట్టింది. నేను కొబ్బరి వ్యాపారం చేసుకుంటున్నా కదా సుబ్బరంగా.

ఇకపోతే నీటిమట్టం రాసుకోవడం లంకల్లో జబ్బెలా అవుతుందండీ? ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.50కి మూడోది. ఇవి మా పాలేరుకి కూడా తెలుసు. 86లో భద్రాచలం దగ్గర 70 అడుగులు వచ్చిందని మా నాన్న చచ్చేదాకా చెప్పారు.

---

మందుల_మాస్టారు (తణుకు, రిటైర్డ్ ఫార్మసిస్టు)
శనివారం, రాత్రి 11.31

ముందుగా ఒక్క మాట. ఇది చదివి ఎవరూ రేపు పొద్దున్న మాత్రలు ఆపకండి. రిస్పెరిడోన్, ఓలాంజపిన్ లాంటివి ఏళ్ళ తరబడి వేసుకున్నాక ఠక్కున ఆపితే నిద్ర పట్టదు, వాంతులు, చెమటలు, విపరీతమైన కంగారు. అప్పుడు ఇంట్లోవాళ్ళు 'చూశారా, జబ్బు తిరగబెట్టింది' అంటారు. అది జబ్బో, మందు ఆపినందుకు ఒళ్ళు చేసే గోలో ఎవరికీ తెలియదు. తగ్గించాల్సి వచ్చినా డాక్టరు చేతుల మీదుగా, నెలల తరబడి తగ్గాలి.

చెయ్యి వణకడం ఆ మందుల వల్ల రావొచ్చు. దానికి విరుగుడుగా ఇంకో మాత్ర (ట్రైహెక్సీఫెనిడిల్) ఇస్తుంటారు, మీ చీటీలో ఉందేమో చూడండి. దాంతో నోరు ఎండుతుంది, మలబద్ధకం వస్తుంది, మతిమరుపు కూడా. మందుకి మందు, ఆ మందుకి ఇంకో మందు. కౌంటర్లో ముప్పై ఏళ్ళు చూశాను ఈ వరస.

---

భీమవరం_అమ్మ
ఆదివారం, ఉదయం 6.10

ఈ టాపిక్ చూసి రాత్రి నిద్ర పట్టలేదు. నాది తిరగేసిన కథ.

మా అమ్మాయికి 26. ఎవరి జోలికీ వెళ్ళదు, చిన్నప్పటి నుంచీ అంతే. 21లో ఇంట్లోంచి బయటికి రావడం మానేస్తే స్కిజోఫ్రెనియా అన్నారు. మా మరిది కొడుకు అమెరికాలో ఉంటాడు, వాడు ఏవో వీడియోలు పంపి 'పెద్దమ్మా, ఇది ఆటిజం, మందులు విషం' అన్నాడు. నమ్మాను. ఏ తల్లి నమ్మదు? ఆరు నెలలు ఆపాం. పక్కింటివాళ్ళు నూతిలో మందు కలిపారని నీళ్ళు తాగడం మానేసింది. నా చేతి అన్నం కూడా ముట్టలేదు. ఆస్పత్రిలో పెట్టాల్సి వచ్చింది. మందులు మళ్ళీ మొదలెట్టిన రెండు నెలలకి, నాకు బాగా గుర్తు, ఆవకాయ కలిపిన ముద్ద నా చేత్తో తిన్నది.

లంక_పిల్ల గారూ, మీ అన్నయ్యది వేరే అయి ఉండొచ్చు. నేను కాదనను. కానీ ఇక్కడ వందమంది చదువుతారు.

---

వశిష్ఠ_గట్టు (నర్సాపురం)
ఆదివారం, ఉదయం 9.48

భీమవరం అమ్మగారూ, మీ భయం అర్థమైంది. నేను రెండో వైపు నుంచి మాట్లాడతాను, నొచ్చుకోకండి.

నాకు 34. పంతొమ్మిదో ఏట నుంచి ముప్పై ఒకటి దాకా నాకు మూడు పేర్లు పెట్టారు. మొదట డిప్రెషన్, తర్వాత బైపోలార్, ఆ తర్వాత బోర్డర్‌లైన్ పర్సనాలిటీ. ఆడపిల్ల గట్టిగా ఏడిస్తే, కోపం వస్తే, చేతిని కొరుక్కుంటే ఆ మూడోది రాసేస్తారు. నిజానికి నాకు వచ్చేది ఏమిటంటే, పెళ్ళి ఇంట్లో రెండు గంటలు కూర్చుంటే సన్నాయి, డోలు, సెంటు వాసన, పట్టుచీర అంచు మెడకి గీసుకోవడం అన్నీ కలిసి ఒక్కటే చప్పుడైపోయి తల పేలిపోతుంది. బాత్రూంలోకి వెళ్ళి గోడకి నెత్తి ఆనించుకుని ఏడుస్తాను. ఇరవై నిమిషాలు. తర్వాత మామూలే. బైపోలార్ మూడ్ రోజుల తరబడి ఉంటుంది, ఇలా గదిలోంచి బయటికి రాగానే తగ్గదు. ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా "ఆ ముందు ఏం జరిగింది?" అని అడగలేదు.

మేనల్లుడికి ఆటిజం అన్నప్పుడే నాకూ అనుమానం వచ్చింది, మీలాగే. బెంగళూరులో చూపించుకున్నాను. రెండు సిట్టింగులు, మొత్తం నాలుగు గంటల పైన. అమ్మతో విడిగా గంటన్నర మాట్లాడారు. ఆటిజం ఉంది, దానితోపాటు ఆందోళన జబ్బూ ఉంది, బైపోలార్ లేదు అన్నారు. ఒక మాత్ర ఇప్పటికీ వేసుకుంటున్నాను. కాబట్టి 'అది కాదు ఇది' అని ఎప్పుడూ శుభ్రంగా విడిపోదు.

మీ అన్నయ్య 'వినిపిస్తాయి' అన్న మాట చదివి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. నన్ను ఒకాయన "నీ ఆలోచనలు ఇతరులకి తెలిసిపోతున్నట్టు అనిపిస్తుందా?" అని అడిగారు. అవునన్నాను. మా అమ్మకి నా మొహం చూడగానే తెలిసిపోతాయి కదా మరి!

---

డ్యూటీ_డాక్టర్ (సైకియాట్రీ పీజీ)
ఆదివారం, మధ్యాహ్నం 2.20

రాత్రి డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. మనిషిని చూడకుండా ఏదీ తేల్చను. ఈ గందరగోళం ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం చెబుతాను.

'ఆటిజం' అన్న మాట పుట్టిందే స్కిజోఫ్రెనియా ఇంట్లో. దాదాపు 1911 ప్రాంతంలో బ్లాయిలర్ అనే స్విస్ డాక్టరు స్కిజోఫ్రెనియా రోగులు తమలోకి తాము ముడుచుకుపోవడానికి పెట్టిన పేరు అది. 1943లో కానర్ పిల్లల్లో దీన్ని విడిగా వర్ణించారు, మరుసటి ఏడాది వియన్నాలో ఆస్పర్జర్. అయినా అమెరికా వాళ్ళ రోగనిర్ణయ పుస్తకంలో ఇది విడి జబ్బుగా చేరింది 1980లో. మాటలు బాగా వచ్చిన, చదువులో ముందున్న వాళ్ళకి సరిపోయే ఆస్పర్జర్ అన్న పేరు చేరింది 1994లో. 2013లో అన్నీ కలిపి ఒకే స్పెక్ట్రమ్ చేశారు. ఇప్పుడు 2003లో ప్రాక్టీసు చేస్తున్న డాక్టర్లని ఊహించుకోండి. వాళ్ళు చదువుకున్నప్పుడు ఆటిజం అంటే మాటలు రాని నాలుగేళ్ళ పిల్లవాడు. ఎదురుగా డిగ్రీ కుర్రాడు, మొహంలో భావం లేదు, కళ్ళు కలపడు, తనలో తాను మాట్లాడుకుంటున్నాడు, పంతొమ్మిదేళ్ళు. స్కిజోఫ్రెనియా మొదలయ్యే వయసు సరిగ్గా అదే. హాస్టలూ ఉద్యోగమూ అంటూ అలవాటైన జీవితం తిరగబడి ఆటిజం ఉన్నవాళ్ళు కుప్పకూలేదీ ఆ వయసులోనే.

తేడా ఎక్కడ పట్టుకుంటామంటే, ముందు ఏముంది అన్న దగ్గర. స్కిజోఫ్రెనియాలో చాలామందికి బాగా ఉన్న మనిషి మారిపోయాడు అని ఇంట్లోవాళ్ళు చెబుతారు. ఆటిజంలో మారింది మనిషి కాదు, చుట్టూ ఉన్నది. అయితే రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు కూడా. ఆటిజం ఉన్న మనిషికి స్కిజోఫ్రెనియా అని కూడా రాయాలంటే కనీసం నెల రోజులు స్పష్టమైన భ్రమలు గానీ, లేని గొంతులు వినిపించడం గానీ ఉండాలని ఆ 2013 పుస్తకంలోనే ఉంది. భీమవరం అమ్మగారి అమ్మాయికి నూతిలో మందు కలిపారన్న నమ్మకం అలాంటిదే. అక్కడ మాత్రలు పనిచేశాయి, సందేహం లేదు.

ఇంకొకటి. మందు వేశాక శాంతించాడు కాబట్టి స్కిజోఫ్రెనియానే అని చాలామంది అనుకుంటారు. రిస్పెరిడోన్‌ని ఆటిజం పిల్లల చిరాకుకి కూడా ఇస్తారు. కాబట్టి శాంతించడం దేనికీ రుజువు కాదు.

లంక_పిల్ల గారూ, మీకు ఇప్పుడు కావాల్సింది ఒక్కటే, మీ అమ్మగారి జ్ఞాపకం. అయిదేళ్ళలోపు మీ అన్నయ్య ఎలా ఉండేవాడో చెప్పగల మనిషి.

---

లంక_పిల్ల
ఆదివారం, సాయంత్రం 5.02

అదే కష్టం డాక్టరుగారూ. అమ్మకి 68. "చిన్నప్పుడు ఎలా ఉండేవాడు?" అంటే "బంగారంలా ఉండేవాడు" అంటుంది. మాటలు ఎన్నో ఏట వచ్చాయి అంటే "అందరికీ వచ్చినప్పుడే" అంటుంది. ఇంతకన్నా ఒక్క ముక్క రాదు. నాన్న పోయారు.

---

మందుల_మాస్టారు
ఆదివారం, సాయంత్రం 6.15

అమ్మాయ్, మీ అమ్మగారిని వయసు అడక్కు. వరద అడుగు.

మన వైపు ఆడవాళ్ళకి తారీఖులు గుర్తుండవు. వరదలు, తుఫాన్లు గుర్తుంటాయి. మీ అన్నయ్యకి ఇప్పుడు 41 అంటే 86 ఆగస్టు వరదకి రెండేళ్ళవాడు. 96 నవంబరు తుఫానుకి పన్నెండేళ్ళవాడు. "ఆ వరదలో వీణ్ణి ఎలా దాటించావు, ఎక్కడ పడుకోబెట్టావు, ఏం తిన్నాడు" అని అడిగి చూడు.

---

సదరం_క్యూ (రావులపాలెం)
ఆదివారం, రాత్రి 8.40

ఎవరూ మాట్లాడని సంగతి నేను మాట్లాడతా. కాగితాలు.

మీ అన్నయ్యకి మానసిక అనారోగ్యం కింద సదరం సర్టిఫికెట్ ఉండి ఉంటుంది, దాని మీద పింఛను వస్తుంటుంది. 2024 జులై నుంచి నెలకి 6,000 అయింది కదా. పేరు మారిస్తే పింఛను పోతుందేమో అని మా పెద్దమ్మ కొడుకు విషయంలో రెండేళ్ళు ఎవరమూ కదల్లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలున్నాయి, మానసిక అనారోగ్యమూ ఉంది, ఆటిజమూ ఉంది. కనీసం 40 శాతం ఉండాలి, రెండింటికీ అంతే. చిక్కు ఏమిటంటే మళ్ళీ స్లాటు, మళ్ళీ క్యాంపు, మళ్ళీ శాతం. ఎదురు ప్రశ్న అడిగితే ఒక్క ముక్కలో జవాబిచ్చే మనిషికి అక్కడ ఎంత వేస్తారో దేవుడికే తెలియాలి. కొత్తది చేతికొచ్చేదాకా పాతది వదలకండి.

ఒక లాభం కూడా ఉంది. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆటిజం ఉన్న పెద్దవాళ్ళకి కలెక్టరు కమిటీ ద్వారా సంరక్షకుణ్ణి పెట్టించుకోవచ్చు, నిరామయ ఆరోగ్య బీమా లక్ష దాకా వస్తుంది. స్కిజోఫ్రెనియా ఒక్కటే ఉంటే ఆ చట్టం వర్తించదు. అమ్మ తర్వాత ఎవరు అన్న ప్రశ్న మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది.

---

కొబ్బరి_చిప్ప
ఆదివారం, రాత్రి 9.12

నిన్న కొంచెం వెటకారంగా రాశాను, క్షమించండి. మందులు, పింఛన్లు, సంరక్షకులు అంటూ అందరం మాట్లాడేస్తున్నాం. ఇంతకీ ఆయనకి ఏం వినిపిస్తుందో ఆయన్నే అడిగారా ఎవరైనా?

---

మోడరేటర్
సోమవారం, ఉదయం 7.30

ఇద్దరు సభ్యులు ఫలానా డాక్టరు, ఫలానా ఆస్పత్రి అని పేర్లతో తిట్టిన పోస్టులు తీసేశాను. అనుభవం రాయండి, పేర్లు వద్దు. ఎవరికైనా ఇప్పటికిప్పుడు ప్రాణం మీదకి వచ్చేలా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

---

వశిష్ఠ_గట్టు
సోమవారం, ఉదయం 10.05

ఎక్కడ చూపించాలి అని మెసేజ్‌లో అడిగారు, అందరికీ పనికొస్తుందని ఇక్కడే చెబుతున్నా. మెడికల్ కాలేజీ ఉన్న ప్రభుత్వ ఆస్పత్రిలో సైకియాట్రీ విభాగం ఉంటుంది, అక్కడ మొదలెట్టండి. పరీక్ష చేసే క్లినికల్ సైకాలజిస్టుకి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూసుకోండి. ఆన్‌లైన్లో ఆటిజం లక్షణాలు ఎంతున్నాయో మనమే చూసుకునే యాభై ప్రశ్నల ఏక్యూ టెస్టు ఉంది, అది చేసుకుని వెళ్ళొచ్చు గానీ దాని మీద ఏదీ తేలదు. పాత చీటీలన్నీ తేదీల వారీగా పెట్టుకోండి. డాక్టర్ని ఓడించడానికి వచ్చినట్టు కూర్చోకండి. నేను మొదటిసారి అలాగే వెళ్ళాను, ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నారు, అక్కడితో అయిపోయింది.

---

భీమవరం_అమ్మ
సోమవారం, ఉదయం 10.50

డాక్టరుగారు మా అమ్మాయి గురించి రాసింది చదివాను. కానీ చిన్నప్పటి నుంచీ ఎవరి జోలికీ వెళ్ళదు అని నేనే రాశాను కదా. అయితే దానికి రెండూ ఉన్నాయా? ఇప్పుడు ఇంకో భయం.

---

డ్యూటీ_డాక్టర్
సోమవారం, రాత్రి 11.58

ఉండొచ్చమ్మా. లేకపోవచ్చు. ఈసారి చెకప్‌కి వెళ్ళినప్పుడు మందులు అలాగే కొనసాగిస్తూ ఆ ప్రశ్న అడగండి. కంగారేమీ లేదు.

---

లంక_పిల్ల
అయిదు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 9.20

ఆలస్యానికి క్షమించండి. కొబ్బరి దింపు రోజులు, ఊళ్ళోనే ఉండిపోయాను. మా తోటలో కాయల లెక్క అన్నయ్యదే. దింపేవాళ్ళు కూడా ఆయన చెప్పిందే ఖాయం చేసుకుంటారు.

మాస్టారూ, మీ మాట పట్టుకుని అమ్మని వరద అడిగాను. గంటన్నర ఆగలేదు! ఫోన్‌లో రికార్డు చేశాను. ఏటిగట్టు తెగుతుందని రాత్రికి రాత్రి నావ ఎక్కించారట. హైస్కూలు వరండాలో ఊరంతా. అందరి పిల్లలూ తల్లులని కరుచుకుని ఉంటే, వీడు ఎత్తుకుంటే ఇంకా ఏడ్చాడట. ఎవరు ముట్టుకున్నా విల్లులా వెనక్కి విరుచుకునేవాడట. ఎవరో ఇచ్చిన గంజి గిన్నె మీద స్టీలు మూత ఉంది. అది గచ్చు మీద గిర్రున తిప్పితే ఆగాడు. "మూడు రోజులు ఆ మూతే వాడికి అమ్మ" అంది. అప్పటికి ఒక్క మాట రాలేదు. 'అమ్మా' అన్నది ఎప్పుడో కూడా చెప్పింది. వరదకి పాడైన గోడ మళ్ళీ కట్టించాక, గృహప్రవేశంలా పాలు పొంగించిన రోజు. అంటే మూడేళ్ళు దాటాక. అదీ 'అమ్మా' కాదు, రేడియోలో వచ్చిన మాట ముందు, 'అమ్మా' తర్వాత.

ఆ రికార్డింగు కొత్త డాక్టరుగారు మొత్తం విన్నారు. సైకాలజిస్టు రెండు సిట్టింగులు చేశారు, ఇంకొకటి ఉంది. ఇప్పటికి చెప్పింది, చిన్నప్పటి కథ ఆటిజానికి గట్టిగా సరిపోతోంది, పాత పేరు ఉంచాలా తీసేయాలా అన్నది తొందరపడి చెప్పలేం అని. ఒక మాత్ర కొంచెం తగ్గించారు. వారం వారం నిద్ర, తిండి రాసి చూపించమన్నారు. రాయడమంటే అన్నయ్యకి చెప్పాలా, గీతలు గీసి పట్టిక వేసుకున్నాడు.

అమ్మ సంగతి మాత్రం బాగోలేదు. అన్నయ్య మాత్రలు వద్దని మారాం చేసిన రోజుల్లో నూరి పెరుగన్నంలో కలిపేదట, ఇన్నేళ్ళు నాకూ తెలియదు. ఆస్పత్రి నుంచి వచ్చిన రాత్రి మజ్జిగ చిలుకుతూ ఆగిపోయి, "వాడికి తెలిసే తినేవాడే, పెరుగు చేదుగా ఉందని ఒక్కసారి అన్నాడు" అంది. నేనేం చెప్పాలో తెలియక కవ్వం అందుకున్నాను.

కొబ్బరి_చిప్ప గారూ, మీరు అడిగింది అన్నయ్యకి చదివి వినిపించాను. మొత్తం టాపిక్ ఆయనే చదువుకున్నాడు. జవాబు తనే టైపు చేస్తానన్నాడు. కింద ఉన్నది నేను ముట్టుకోలేదు.

---

లంక_పిల్ల
ఆదివారం, రాత్రి 9.57

నేను అన్నయ్యని. పైన రెండు తప్పులు ఉన్నాయి. ధవళేశ్వరంలో మూడో హెచ్చరిక 17.75 అడుగులకి. 17.50 కాదు. 1986లో భద్రాచలంలో వచ్చింది 75.6 అడుగులు. 70 కాదు. 2022 జులైలో 71.3.

వినిపించేవి అడిగారు. గుడి మైకు. పక్కింటి మోటారు. ఫ్యానులో రెండో రెక్క. చెల్లి ఫోన్ చార్జరు. కాలువలు కట్టేసిన రోజుల్లో కప్పలు ఉండవు, అప్పుడు బాగుంటుంది. మనుషుల గొంతులు మనుషులు ఉన్నప్పుడే వినిపిస్తాయి. డాక్టరు అలా అడగలేదు.

గురువారం మూడో సిట్టింగు. ఆ గదిలో ట్యూబులైటు ఝుమ్మంటుంది. ఆపేస్తే మంచిది. కిటికీ ఉంది.

---

కొబ్బరి_చిప్ప
ఆదివారం, రాత్రి 10.03

ఆయ్, తప్పేనండి. దిద్దుదామంటే టైమ్ అయిపోయింది అంటోంది ఈ సైటు. మీరు చెప్పిందే లెక్క. 17.75, 75.6.